‘గిట్ పుష్’ ఆదేశం: అప్రమేయార్థంలో వచ్చిన మార్పు – పరిశోధకులపై దాని ప్రభావం

వ్యాససంగ్రహం:

పరిశోధకులు తమ ప్రోగ్రాములను, దత్తాంశాలను, రాతప్రతులను భద్రపరచుకోవడానికి వాడే గిట్ అనే సాధనంలో ‘పుష్’ ఆదేశానికి 2014 మే నెలలో అర్థం మారింది. అంతవరకు ఏ శాఖను పంపాలో చెప్పకుండా ఆ ఆదేశం ఇస్తే, రెండు వైపులా ఒకే పేరుతో ఉన్న శాఖలన్నీ వెళ్లేవి. ఆ తరువాత, ప్రస్తుతం పనిచేస్తున్న శాఖ ఒక్కటే, అదీ కొన్ని షరతులకు లోబడి వెళుతోంది. ఈ మార్పుకు కారణాలేమిటి, దానిని ఎలా అమలుచేశారు, పాత సర్వర్లున్న పరిశోధనాలయాలకు అది ఎందుకు ఆలస్యంగా చేరింది అనే విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది. ఆదేశంలో లేని మాటను సాధనం తానుగా పూరించడాన్ని మన వ్యాఖ్యాన సంప్రదాయంలోని అధ్యాహారంతో పోల్చి పరిశీలిస్తుంది.

కీలకపదాలు: గిట్, పుష్, అప్రమేయం, అధ్యాహారం, మ్యాచింగ్, సింపుల్, శాఖ, సహపరిశోధన.

1. ఉపోద్ఘాతం:

హైదరాబాదు తూర్పు దిక్కున తార్నాక నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వరకు సాగే దారి పొడవునా పరిశోధన సంస్థలు కనిపిస్తాయి. భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం ఈ దారిలోనివే. డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం నేడు ఉప్పల్‌లో ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం కూతవేటు దూరం. పక్కనే నాచారం పారిశ్రామికవాడ. ఇటువంటి చోట జరిగే పరిశోధనలో పరికరాలు, రసాయనాలు ఎంత ముఖ్యమో, లెక్కలు కట్టే ప్రోగ్రాములు కూడా అంతే ముఖ్యం. జన్యుక్రమాన్ని చదవాలన్నా, భూకంప తరంగాలను విశ్లేషించాలన్నా చివరకు ఫలితం నిలబడేది కొన్ని వందల పంక్తుల ప్రోగ్రాము మీద. ఆ ప్రోగ్రాము ఏ రోజున ఎలా ఉండేదో చూపలేకపోతే ఆ ఫలితాన్ని మరొకరు సరిచూడడం సాధ్యం కాదు.

భాషాసాహిత్య పరిశోధకులకు కూడా ఇది పరాయి విషయం కాదు. పదసూచికలు, పాఠాంతరాల పట్టికలు, క్షేత్రపర్యటనలో సేకరించిన పలుకుబడులు ఇప్పుడు కంప్యూటర్ ఫైళ్లలోనే ఉంటున్నాయి. ‘సిద్ధాంతగ్రంథం చివరిది’, ‘సిద్ధాంతగ్రంథం చివరిది 2’, ‘నిజంగా చివరిది’ అనే పేర్లతో ఫైళ్లు పేరుకుపోవడం పరిశోధక విద్యార్థులందరికీ తెలిసిన బాధే. ఈ బాధకు మందుగా వచ్చినవే కూర్పుల నియంత్రణ సాధనాలు. వాటిలో నేడు అత్యధికంగా వాడుకలో ఉన్నది గిట్.

లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో గిట్‌ను రూపొందించాడు. కొద్ది నెలలకే, అదే ఏడాది జులైలో, దాని నిర్వహణ బాధ్యతను జూనియో హమానోకు అప్పగించాడు. గిట్ పనితీరును క్లుప్తంగా ఇలా చెప్పవచ్చు. ఫైళ్ల స్థితిని ఒక క్షణంలో ఉన్నది ఉన్నట్టు నమోదు చేయడం కమిట్. ఒకదాని వెంట ఒకటిగా సాగే కమిట్ల వరుసకు పెట్టుకున్న పేరు శాఖ. ఈ చరిత్ర మొత్తాన్ని దాచే చోటు రిపాజిటరీ. ప్రతి పరిశోధకుని కంప్యూటరులోనూ ఒక పూర్తి రిపాజిటరీ ఉంటుంది. అందరూ పంచుకునే మరొకటి సర్వర్ మీద ఉంటుంది. సర్వర్ మీది దానిని రిమోట్ అంటారు. తన దగ్గరి కమిట్లను రిమోట్‌కు పంపే ఆదేశమే పుష్.

2. ఒక ఊహా ఉదాహరణ:

చర్చ గాలిలో సాగకుండా ఉండేందుకు ఒక ఉదాహరణను కల్పించుకుందాం. ఇద్దరు పరిశోధకులు వృత్తిపదాలను సేకరిస్తున్నారు. ఒకరు ఉప్పల్ పరిసరాలలోని చేతివృత్తులవారి మాటలను, మరొకరు నాచారం పారిశ్రామికవాడలోని కార్మికుల మాటలను నమోదు చేస్తున్నారు. ఇద్దరికీ కలిపి ఒకే రిపాజిటరీ. అందులో మూడు శాఖలు: ‘ప్రధాన’, ‘ఉప్పల్’, ‘నాచారం’. సరిచూసి ఒప్పుకున్న పదాలు ప్రధాన శాఖలోకి చేరుతాయి. ఎవరి పని వారి శాఖలో సాగుతుంది. ఉప్పల్ పరిశోధకుడు ఒకసారి నాచారం శాఖను తెరిచి చూశాడు కాబట్టి, దాని ప్రతి ఒకటి అతని కంప్యూటరులోనూ ఉంది. అయితే అది మూడు వారాల కిందటి ప్రతి. ఆ మూడు వారాల్లో నాచారం పరిశోధకురాలు తన శాఖలో ఎన్నో కొత్త పదాలు చేర్చి రిమోట్‌కు పంపింది.

ఒక సాయంత్రం ఉప్పల్ పరిశోధకుడు తన శాఖలో రెండు కమిట్లు చేసి, ‘గిట్ పుష్’ అని మాత్రమే టైపు చేశాడు. ఏ శాఖను పంపాలో చెప్పలేదు. అతని మనసులో ఉన్నది ఉప్పల్ శాఖ ఒక్కటే. గిట్ ఏం పంపాలి?

3. అధ్యాహారం, అప్రమేయం:

పై ప్రశ్న సాంకేతికమైనదిగా కనిపించినా, దాని స్వరూపం మనకు కొత్తది కాదు. సకర్మక క్రియకు కర్మ లేకపోతే వాక్యం అసంపూర్ణం. ప్రాచీన కావ్యాలకు వ్యాఖ్య రాసేవారు ఇటువంటి సందర్భంలో లోపించిన పదాన్ని సందర్భాన్నిబట్టి తెచ్చుకొని అన్వయిస్తారు. దీనినే అధ్యాహారం అంటారు. అధ్యాహారానికి ఒక కట్టుబాటు ఉంది. వాక్యం అన్వయించడానికి ఎంత అవసరమో అంతే తెచ్చుకోవాలి, తెచ్చుకున్నదానికి సందర్భంలో ఆధారం ఉండాలి. మల్లినాథసూరి వంటి వ్యాఖ్యాతల మీద మనకు అంత నమ్మకం ఉండడానికి ఈ నిగ్రహం ఒక కారణం.

నిత్యవ్యవహారంలోనూ ఇదే జరుగుతుంది. నాచారంలోని ఒక గోదాములో యజమాని గుమాస్తాతో ‘పంపించెయ్’ అన్నాడనుకుందాం. బల్లమీద కట్టి సిద్ధంగా ఉన్న సరుకునే గుమాస్తా పంపుతాడు. దుకాణంలో ఇంతకుముందు ఉన్న సరుకులన్నీ గోదాములోనూ ఉన్నాయి గనుక అన్నింటినీ లారీకి ఎక్కిస్తే యజమాని నెత్తి కొట్టుకుంటాడు. అయితే మరో గోదాములో ‘పంపించెయ్’ అంటే రోజువారీ సరుకులన్నీ అనే అర్థం ఏళ్లుగా పాతుకుపోయి ఉండవచ్చు. అక్కడ ఒక్క మూటనే పంపినవాడు తప్పు చేసినట్టు. ఏది సరైన అధ్యాహారమన్నది ఆ చోటి ఆచారం మీద ఆధారపడుతుంది.

కంప్యూటర్ సాధనాలు చేసే ఇటువంటి పూరణకు డిఫాల్ట్ అని పేరు. తెలుగు స్థానికీకరణ చేసినవారు దీనికి ‘అప్రమేయం’ అనే మాటను స్థిరపరిచారు. సంస్కృతంలో అప్రమేయమంటే కొలతకు అందనిది, ప్రమాణాలకు లొంగనిది. అది విష్ణువుకు విశేషణం కూడా. ఈ అర్థంలో చూస్తే డిఫాల్ట్‌కు ఆ మాట వింతగా తోస్తుంది. కాని తెలుగులో ‘ఇందులో నా ప్రమేయం లేదు’ అనే వాడుక ఉంది కదా. ఆ వాడుకను పట్టుకుంటే, వాడుకరి ప్రమేయం లేకుండా జరిగేది అప్రమేయం. అనువాదకులు ఉద్దేశించినది ఇదే కావచ్చు. ఈ వ్యాసకర్త దృష్టిలో మూలపదం కంటే తెలుగుపదమే విషయాన్ని సూటిగా చెబుతోంది. డిఫాల్ట్ ఎంపికలో ఒకరు నిర్ణయం తీసుకుంటారు, దాని ఫలితాన్ని మరొకరు అనుభవిస్తారు. ఆ రెండో వ్యక్తికి నిర్ణయంలో ప్రమేయం ఉండదు. మౌనం అర్ధాంగీకారం అంటారు. సాధనం దానిని పూర్తి అంగీకారంగా తీసుకుంటుంది.

4. పాత అర్థం – దాని పుట్టుక:

2014కు ముందు గిట్ చేసిన అధ్యాహారానికి ‘మ్యాచింగ్’ అని పేరు. వాడుకరి కంప్యూటరులోనూ రిమోట్‌లోనూ ఒకే పేరుతో ఉన్న శాఖలన్నింటినీ పంపడం దాని పద్ధతి. ఏ శాఖలో కూర్చొని పనిచేస్తున్నారన్నదానితో దానికి నిమిత్తం లేదు.

దీనిని అవివేకమని కొట్టిపారేయడం సరికాదు. గిట్ పుట్టిన పరిసరాలలో అదే వివేకం. లినక్స్ కెర్నెల్ నిర్వాహకులలో ప్రతి ఒక్కరికీ సొంత బహిరంగ రిపాజిటరీ ఉండేది. అందులోకి రాయగలిగేది దాని యజమాని ఒక్కరే. మిగతావారు చదువుకొని, తమకు కావలసినది తీసుకునేవారు. హమానో నిర్వహించే గిట్ ప్రాజెక్టులోనే మెయింట్, మాస్టర్, నెక్స్ట్, పీయూ అనే శాఖలు ఏకకాలంలో నడిచేవి. పగలంతా వాటన్నింటి మీద పనిచేసి, పరీక్షించి, చివర ఒక్కసారిగా ప్రకటించాలి. ఒకే ఆదేశంతో నాలుగూ వెళ్లడం అతనికి సౌకర్యం. పైగా ఇంట్లో దాచుకున్న ప్రయోగాత్మక శాఖలు బయటకు పొక్కవు, ఎందుకంటే ఆ పేర్లు రిమోట్‌లో లేవు. ప్రకటించదలచిన శాఖను మొదటిసారి పేరు పెట్టి పంపాలి, అటుపైన అది తానే వెళుతుంది. రాసేవాడు ఒక్కడే అయినప్పుడు ఇంతకన్నా మంచి అధ్యాహారం ఉండదు.

పరిస్థితి మారింది. గిట్‌హబ్ వంటి సేవలు 2008 నుంచి వ్యాపించాయి. సంస్థల్లోనూ కళాశాలల్లోనూ ఒకే రిపాజిటరీలోకి పదిమంది రాసే పద్ధతి సర్వసాధారణమైంది. సబ్‌వర్షన్ వంటి పాత సాధనాల నుంచి వచ్చినవారికి ఒకే ఒక కేంద్రస్థానం ఉండడమే అలవాటు. ఒక్కడు రాసే ఇంటికోసం చేసిన తాళం పదిమంది తిరిగే సత్రానికి వచ్చి చేరింది.

5. అది ఎలా బెడిసికొట్టేది:

మన ఉదాహరణకు తిరిగి వద్దాం. మ్యాచింగ్ పద్ధతిలో ఉప్పల్ పరిశోధకుడు ఇచ్చిన ఆదేశం మూడు శాఖలనూ పంపడానికి ప్రయత్నిస్తుంది. ఉప్పల్ శాఖ సవ్యంగా వెళుతుంది. ప్రధాన శాఖలో అతడు ఎప్పుడో సరదాగా చేసి మరచిపోయిన అసంపూర్ణమైన కమిట్ ఒకటి ఉందనుకుంటే, అదీ వెళ్లిపోతుంది. ఎవరూ సరిచూడని పదాలు సరిచూసినవాటిలో కలిసిపోతాయి. దీనికి దోషసందేశం కూడా రాదు. విజయవంతమైందనే కనిపిస్తుంది.

ఇక నాచారం శాఖ. అతని ప్రతి మూడు వారాలు వెనుకబడి ఉంది. రిమోట్‌లోని శాఖ కొన నుంచి ముందుకు సాగే మార్పులను మాత్రమే గిట్ మామూలుగా స్వీకరిస్తుంది. దీనిని ఫాస్ట్ ఫార్వర్డ్ అంటారు. అతని ప్రతిని స్వీకరిస్తే శాఖ వెనక్కి జరుగుతుంది కాబట్టి గిట్ నిరాకరిస్తుంది. తెరమీద ‘రిజెక్టెడ్’ అని కనబడుతుంది. ఇంతవరకు నాచారం శాఖకు ఏ హానీ లేదు. అసలు ప్రమాదం ఇక్కడి నుంచి మొదలవుతుంది.

అతడు పంపదలచినది ఉప్పల్ శాఖ. తిరస్కరణ వచ్చింది నాచారం శాఖకు. గిట్ కొత్తగా నేర్చుకుంటున్నవారికి ఈ తేడా కనబడదు. తన పనే తిరస్కరించబడిందనుకుంటాడు. పక్కన ఉన్నవారిని అడిగితే ‘ఫోర్స్ పెట్టు, పోతుంది’ అనే సలహా దొరుకుతుంది. ప్రతి పరిశోధనాలయంలోనూ ఇటువంటి సలహాదారు ఒకరు ఉంటారు. బలవంతం చేసే ఆ గుర్తును చేర్చి మళ్లీ ఆదేశమిస్తే, అది కూడా మూడు శాఖలకూ వర్తిస్తుంది. నాచారం శాఖ మూడు వారాలు వెనక్కి జరుగుతుంది. పరిశోధకురాలు పంపిన పదాలు రిమోట్ శాఖ నుంచి మాయమవుతాయి. అతడు ఆమె శాఖను ముట్టుకోలేదు, దాని పేరు కూడా టైపు చేయలేదు. అయినా ఆమె పని పోయింది.

ఇక్కడ నేరం ఎవరిది అని అడిగితే వాడుకరి అజ్ఞానాన్ని చూపించి ఊరుకోవడం తేలిక. కాని రెండు వేర్వేరు వ్యక్తులు, రెండు వేర్వేరు దేశాలలో, ఒకే విధంగా పొరపడుతున్నప్పుడు లోపం ఆదేశం అర్థంలోనే ఉందనుకోవడం న్యాయం. గిట్ అభివృద్ధికారులు చివరకు ఈ నిర్ణయానికే వచ్చారు.

6. కొత్త అర్థం కోసం వెతుకులాట:

2009 మేలో వెలువడిన గిట్ 1.6.3 కూర్పులోనే ‘పుష్.డిఫాల్ట్’ అనే అమరిక ప్రవేశించింది. నథింగ్, మ్యాచింగ్, ట్రాకింగ్, కరెంట్ అనే నాలుగు విలువలలో దేనినైనా వాడుకరి ఎంచుకోవచ్చు. ట్రాకింగ్ పేరు తరువాత అప్‌స్ట్రీమ్‌గా మారింది. అయితే ఎంచుకోనివారికి మ్యాచింగే కొనసాగింది. ఎంచుకోవచ్చని తెలియనివారే ఎక్కువ ప్రమాదంలో ఉన్నవారు గనుక, అమరిక ఉండడం వల్ల వారికి ఒరిగినది స్వల్పం.

మ్యాచింగ్‌ను తొలగిస్తే దాని స్థానంలో ఏది రావాలి? ప్రస్తుత శాఖ ఒక్కటే వెళ్లాలన్న విషయంలో పెద్దగా విభేదం లేదు. ఎక్కడికి వెళ్లాలన్నదే చిక్కు. కరెంట్ పద్ధతిలో శాఖ తన పేరుతోనే రిమోట్‌కు వెళుతుంది. అక్కడ ఆ పేరు లేకపోతే కొత్తగా సృష్టిస్తుంది. చిత్తుప్రతికి పెట్టుకున్న ఏదో పేరు అందరికీ కనబడే చోట వెలుస్తుంది. అప్‌స్ట్రీమ్ పద్ధతిలో, శాఖ దేనిని అనుసరిస్తున్నదో దానికే వెళుతుంది. పుల్ ఎక్కడినుంచి చేస్తామో పుష్ అక్కడికే చేయడం తార్కికంగా చక్కగా ఉంటుంది. కాని ప్రధాన శాఖ నుంచి ‘ప్రయోగం’ అనే శాఖను చీల్చి, అది ప్రధాన శాఖను అనుసరించేలా పెట్టుకున్నవాడు పుష్ చేస్తే, అతని ప్రయోగం నేరుగా అందరి ప్రధాన శాఖలోకి పోయి పడుతుంది. ఒకదానిలో అనవసరమైన శాఖ పుడుతుంది, మరొకదానిలో అవసరమైన శాఖ చెడుతుంది.

2012లో తేలిన పరిష్కారం ఈ రెంటి కలయిక. దాని పేరు ‘సింపుల్’. ప్రస్తుత శాఖ అనుసరించే రిమోట్ శాఖ ఒకటి ఉండి, రెండింటి పేర్లూ ఒకటే అయితేనే పంపుతుంది. అంటే కరెంట్, అప్‌స్ట్రీమ్ రెండూ ఒకే సమాధానం చెప్పినప్పుడు మాత్రమే పని జరుగుతుంది. అవి విభేదిస్తే గిట్ ఆగిపోయి, ‘ఇలా కావాలంటే ఈ ఆదేశం, అలా కావాలంటే ఆ ఆదేశం’ అని రెంటినీ రాసి చూపిస్తుంది. అధ్యాహారం పరిభాషలో చెప్పాలంటే, రెండు అన్వయాలూ ఒకే అర్థాన్నిస్తే వ్యాఖ్యాత ముందుకు సాగుతాడు. అర్థం భిన్నమైతే తానుగా తేల్చక కవినే అడుగుతాడు. కావ్యవ్యాఖ్యాతకు కవిని అడిగే అవకాశం లేదు. గిట్‌కు ఉంది. ఆ అవకాశాన్ని వాడుకోవడమే ఈ మార్పులోని తెలివి అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

అధ్యాపకులకు ఆసక్తి కలిగించే విషయం మరొకటి. సింపుల్ పద్ధతిని రాసి చేర్చిన మాత్యూ మ్వా అప్పట్లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో ఎన్సిమాగ్ అనే ఇంజినీరింగ్ విద్యాసంస్థలో అధ్యాపకుడిగా ఉండేవాడు. విద్యార్థులకు గిట్ నేర్పిన అనుభవం ఉన్నవాడు. నిపుణులకు అలవాటైపోయి కనబడని ముల్లు తరగతి గదిలో మొదటి రోజే గుచ్చుకుంటుంది.

7. మార్పును అమలుచేసిన తీరు:

లక్షలాది మంది వేళ్లకు అలవాటైన ఆదేశానికి రాత్రికి రాత్రి అర్థం మార్చితే ఏమవుతుందో గిట్ బృందానికి అనుభవం ఉంది. 2008 ఆగస్టులో వచ్చిన 1.6.0 కూర్పులో, మధ్యలో అడ్డగీతతో రాసే పాతరకపు ఆదేశాలను మామూలు వాడుక దారినుంచి తప్పించారు. విడుదల పత్రాలలో ముందుగానే చెప్పినా, చాలామంది వాటిని చదవలేదు. మార్పు నెత్తిమీద పడినప్పుడే చూసి ఆగ్రహించారు. విడుదల పత్రం రాయడం తెలియజేయడంతో సమానం కాదని దానివల్ల తేలింది.

కాబట్టి ఈసారి దశలవారీగా నడిచారు. 2012 జూన్‌లో 1.7.11 కూర్పుతో సింపుల్‌ను ప్రవేశపెట్టి, ముందుముందు అదే అప్రమేయం కాబోతోందని ప్రకటించారు. ఆ ఏడాది అక్టోబరులో 1.8.0 వచ్చేనాటికి, ఏ అమరికా చేసుకోకుండా పుష్ ఇచ్చే ప్రతి ఒక్కరికీ తెరమీద ఒక హెచ్చరిక కనిపించసాగింది. గిట్ 2.0లో ఈ అర్థం మారబోతోంది, పాతదే కావాలంటే ఈ పంక్తి టైపు చేయండి, కొత్తది ఇప్పుడే కావాలంటే ఈ పంక్తి టైపు చేయండి అన్నది దాని సారాంశం. 2014 మే 28న వెలువడిన గిట్ 2.0లో మార్పు అమలైంది. సూచన నుంచి అమలు వరకు దాదాపు రెండేళ్లు.

ఆ హెచ్చరికను విసుగ్గా భావించినవారు ఎందరో. ప్రతి పుష్‌కూ పది పంక్తుల ఉపన్యాసమా అన్నారు. కాని ఆ విసుగే దాని ప్రయోజనం. విడుదల పత్రాన్ని తెరవనివాడిని కూడా పనిచేస్తున్న చోటే పట్టుకొని, ‘నీ ప్రమేయం లేకుండా ఒక నిర్ణయం జరుగుతోంది, ఇప్పుడైనా నీ మాట చెప్పు’ అంటుంది. రెండు పంక్తులలో ఏది టైపు చేసినా హెచ్చరిక ఆగిపోతుంది, ఆ నిర్ణయం అతనిదవుతుంది.

8. పాత సర్వర్లు – ఒకే ఆదేశం, రెండు అర్థాలు:

చరిత్ర ఇంతటితో ముగిసిందనుకుంటే పొరపాటు. గిట్ 2.0 వెలువడిన రోజు, వాడుకరి యంత్రానికి గిట్ 2.0 చేరిన రోజు ఒకటి కావు. పరిశోధన సంస్థల్లోనూ విశ్వవిద్యాలయాల్లోనూ ప్రపంచమంతటా విస్తృతంగా వాడిన సెంటోస్ 7 అనే నిర్వహణవ్యవస్థ 2014 జులైలో, అంటే గిట్ 2.0 తరువాత సుమారు 40 రోజులకు, విడుదలైంది. అయినా దానితో వచ్చినది గిట్ 1.8.3.1. స్థిరత్వం కోసం ఆ వ్యవస్థ తన జీవితకాలమంతా ఆ కూర్పునే పట్టుకొని ఉంది. దాని మద్దతు గడువు 2024 జూన్ 30తో ముగిసింది. నిర్వాహకులు వేరుగా కొత్త గిట్ స్థాపించని సెంటోస్ 7 యంత్రంలో పుష్‌కు అప్రమేయార్థం పదేళ్లపాటు మ్యాచింగే. ఇప్పటికీ ఏ మూల గదిలోనో నడుస్తున్న అటువంటి యంత్రం ఉంటే, అక్కడ నేటికీ అదే అర్థం.

పరిశోధకుని ల్యాప్‌టాప్‌లో ఉబుంటు ఉందనుకుందాం. 14.04 కూర్పుతో వచ్చినది గిట్ 1.9.1, మ్యాచింగ్ కాలానిది. 16.04తో వచ్చినది 2.7.4, సింపుల్ కాలానిది. 2016 తరువాత కొత్త ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాడు పగలు దానిమీద, రాత్రి సంస్థ సర్వర్‌లోకి ప్రవేశించి పనిచేస్తుంటే, అవే రెండు పదాలకు పగలు ఒక అర్థం, రాత్రి మరో అర్థం. ల్యాప్‌టాప్ మీద ఏళ్లుగా ఏ ప్రమాదమూ జరగలేదన్న ధీమాతో సర్వర్‌లో అదే ఆదేశం ఇస్తాడు. మాండలికాల్లో ఒకే పదానికి వేర్వేరు అర్థాలున్నట్టే ఇదీ. కాని మాట్లాడేవారి యాస వినబడుతుంది, యంత్రం కూర్పు వినబడదు.

మరో చిక్కు. జాగ్రత్తపరుడైన విద్యార్థి తన అమరికల ఫైలులో సింపుల్ అని రాసుకొని, ఆ ఫైలును అన్ని యంత్రాలకూ మోసుకువెళతాడు. సెంటోస్ 6తో వచ్చిన గిట్ 1.7.1కు సింపుల్ అనే మాటే తెలియదు. అది దోషసందేశం చూపి ఆగిపోతుంది. పైన చెప్పిన హెచ్చరికలోనే దీనికి ఉపాయం కూడా ఉంది: మరీ పాత కూర్పులు కూడా వాడేవారు సింపుల్‌కు బదులు కరెంట్ పెట్టుకోవాలి.

రిమోట్ చిరునామా విషయంలోనూ ఇటువంటి కాలభేదం ఉంటుంది. డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం 1990ల చివర ప్రచురించిన పత్రాల మీద నాచారం, ఈసీఐఎల్ రోడ్డు చిరునామా కనిపిస్తుంది. నేడు ఆ సంస్థ చిరునామా ఉప్పల్. పాత పత్రం చూసి ఉత్తరం రాసేవారికి ఆ సంగతి ఎవరో చెప్పాలి. గిట్‌లోనూ రిపాజిటరీని సృష్టించిన రోజున నమోదైన చిరునామా ‘ఒరిజిన్’ అనే పేరుతో మౌనంగా కొనసాగుతుంది. సర్వర్ మారినప్పుడు దానిని సరిచేసుకోవలసినది వాడుకరే.

9. పరిశోధనాలయంలో చేయవలసినవి:

గిట్ ఆదేశాలను ఆంగ్లాక్షరాలలోనే టైపు చేయాలి. ఇక్కడ వాటిని ఉచ్చారణ ప్రకారం రాస్తున్నాను. మొదట ప్రతి యంత్రంలోనూ ‘గిట్ --వెర్షన్’ అని కూర్పు తెలుసుకోవాలి. తరువాత ‘గిట్ కాన్ఫిగ్ పుష్.డిఫాల్ట్’ అని అడగాలి. జవాబు ఏమీ రాకపోతే అక్కడ అప్రమేయార్థమే నడుస్తోందని అర్థం. ‘గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ పుష్.డిఫాల్ట్ సింపుల్’ అని ఒక్కసారి ఇస్తే, ఆ వాడుకరికి ఆ యంత్రంలో అర్థం స్థిరపడుతుంది. కొత్త కూర్పులలో ఇది అనవసరంగా కనిపించవచ్చు. కాని స్పష్టంగా రాసుకున్న అమరిక రేపు అప్రమేయం మళ్లీ మారినా చెక్కుచెదరదు.

సందేహం ఉన్నప్పుడు ‘--డ్రై-రన్’ చేర్చి పుష్ ఇస్తే, ఏయే శాఖలు వెళ్లబోతున్నాయో చూపిస్తుంది, ఏదీ పంపదు. పేరు పెట్టి ‘గిట్ పుష్ ఒరిజిన్ ఉప్పల్’ అని పూర్తిగా రాయడం ఇంకా మేలు. ఆదేశంలో కర్మ ఉన్నప్పుడు అధ్యాహారంతో పనిలేదు.

బలవంతపు పుష్ తప్పనిసరైన సందర్భాలు ఉంటాయి. వాటికోసం 2013 నవంబరులో 1.8.5 కూర్పుతో ‘--ఫోర్స్-విత్-లీజ్’ వచ్చింది. రిమోట్ శాఖ మనం చివరిసారి చూసినప్పటిలాగే ఉంటేనే అది బలవంతం చేస్తుంది. మధ్యలో మరొకరు ఏదైనా చేర్చి ఉంటే ఆగిపోతుంది. మన ఉదాహరణలో ఉప్పల్ పరిశోధకుడు దీనిని వాడి ఉంటే నాచారం శాఖ మిగిలేది. సర్వర్ నిర్వాహకులు ‘రిసీవ్.డినైనాన్‌ఫాస్ట్‌ఫార్వర్డ్స్’ అనే అమరికను పెడితే శాఖను వెనక్కి జరిపే ఏ పుష్‌నూ సర్వర్ స్వీకరించదు. ఉమ్మడి రిపాజిటరీ ఉన్న విభాగాలన్నీ దీనిని పెట్టుకోవడం మంచిది. వాడుకరుల యంత్రాల్లో ఏ కూర్పు ఉన్నా ఈ రక్షణ పనిచేస్తుంది.

సింపుల్ పద్ధతికీ ఒక ఇబ్బంది ఉంది. కొత్త శాఖను మొదటిసారి పంపబోతే అది అనుసరించే రిమోట్ శాఖ ఏదీ లేదంటూ నిరాకరిస్తుంది. ‘--సెట్-అప్‌స్ట్రీమ్’ అనే పొడవైన ఆదేశం ఇవ్వాలి. దీనిపై విసుగు చాలాకాలం వినిపించింది. 2022 జూన్‌లో వచ్చిన 2.37 కూర్పు ‘పుష్.ఆటోసెటప్‌రిమోట్’ అనే అమరికను ఇచ్చింది. దానిని ‘ట్రూ’ అని పెట్టుకుంటే మొదటి పుష్‌లోనే సంబంధం ఏర్పడుతుంది. అయితే దానిని అందరికీ అప్రమేయంగా చేయలేదు, కోరుకున్నవారికే వదిలారు. చిత్తు పేర్లు ఉమ్మడి రిపాజిటరీలో వెలిసే పాత బెడద దానితో కొంత తిరిగి వస్తుంది గనుక ఈ సంకోచం సమంజసమే.

ఇన్ని జాగ్రత్తలున్నా ప్రమాదం జరిగితే? నాచారం పరిశోధకురాలి పని పూర్తిగా పోలేదు. ఆమె కంప్యూటరులో ఆమె శాఖ అలాగే ఉంటుంది. అక్కడినుంచి తిరిగి పంపవచ్చు. ఆమె యంత్రం చెడిపోయి ఉంటే సర్వర్‌లో వెతకాలి. ఏ శాఖకూ అందని కమిట్లను కూడా గిట్ వెంటనే చెరిపివేయదు. ప్రత్యేకంగా మార్చకపోతే, సర్వర్‌లోకి చేరి రెండు వారాలు దాటనివాటిని తొలగించదు. నిర్వాహకుడు ‘గిట్ ఎఫ్ఎస్‌సీకే --లాస్ట్-ఫౌండ్’ అనే ఆదేశంతో వాటిని బయటకు తీయగలడు. శాఖలు ఎప్పుడు ఎక్కడ ఉండేవో రాసిపెట్టే రిఫ్‌లాగ్ అనే దినచర్య ఉమ్మడి సర్వర్ రిపాజిటరీలలో అప్రమేయంగా రాయబడదు. అందువల్ల సర్వర్‌లో వెతకడం చీకట్లో తడుముకోవడమే, గడువు రోజులలోనే ఉంటుంది. పొరపాటు చేసినవారు ఎవరికీ తెలియకుండా సర్దబోయి మరికొన్ని పుష్‌లు చేయకుండా, ఆ గంటలోనే సహపరిశోధకురాలికీ సర్వర్ నిర్వాహకునికీ చెప్పాలి. మొదట చేయవలసిన పని ఆమె కంప్యూటరులో ఏముందో చూడడం.